రాత్రి హాజరు: వెన్నెలకంటి రాఘవయ్య గారిని తలుచుకుంటూ

మన సంఘం ఈ-సావనీరుకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని పెద్దలు అడిగారు. హాస్టల్ వార్డెన్లుగా బతుకుతున్న మాకు ఆ మాట వినగానే మా బల్ల మీదుండే హాజరు పట్టీ గుర్తొచ్చింది. ఆ పట్టీ వెంటే వెన్నెలకంటి రాఘవయ్య గారు గుర్తొచ్చారు. ఆ రెంటికీ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్లలో సుత్తి చప్పుళ్లు తగ్గే వేళకు మా హాస్టల్లో రాత్రి భోజనాలు ముగుస్తాయి. కామాటి గిన్నెలు కడుగుతుంటే పిల్లలు వరండాలో వరసగా కూర్చుంటారు. మేము పట్టీ తెరిచి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాం. అందరూ ఉన్నారని తేలాక వాచ్‌మన్ గేటుకు తాళం వేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఏ ఊళ్లో పనిచేసినా మా రాత్రి ఇలాగే ముగుస్తోంది.

కొన్నేళ్ల కిందట ఒక ఎరుకల పిల్ల కోసం వాళ్ల ముసలమ్మ ఊరి నుంచి వచ్చి, బస్సు తప్పిపోయి ఆ రాత్రి మా దగ్గరే ఉండిపోయింది. ఎనభై ఏళ్ల మనిషి. మేము హాజరు పిలవడం మొదలుపెట్టేసరికి ఆమె ముఖం మారిపోయింది. మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ పుస్తకం పోలీసులు ఇచ్చిందా అని మమ్మల్ని అడిగింది. కాదమ్మా, పిల్లలంతా వచ్చారో లేదో చూసుకోవడానికే అని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. తన చిన్నప్పుడు రాత్రిపూట ఇలాగే పేర్లు పిలిచేవారని, తండ్రి పలకకపోతే ఏమవుతుందోనని అమ్మ వణికిపోయేదని తర్వాత నెమ్మదిగా చెప్పింది.

బి.ఎడ్. చదివినప్పుడు గానీ, వార్డెన్ శిక్షణలో గానీ మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ముసలమ్మ వెళ్లాక పుస్తకాలు వెతికాం. ఆ వెతుకులాటలోనే రాఘవయ్య గారు మాకు దగ్గరయ్యారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగా ఒక మాట. రాఘవయ్య గారు మన తెగల్లో పుట్టినవారు కాదు. 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యారు. ఆ రోజుల్లో చదువుకున్న చాలామందిలాగే స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1921లో గాంధీజీ వచ్చి పల్లిపాడులో పినాకిని ఒడ్డున సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన జిల్లా అది. ఖద్దరు, అస్పృశ్యతా నివారణ, హిందీ ప్రచారం అంటూ ఎవరికి తోచిన పని వారు ఎత్తుకున్న కాలం. రాఘవయ్య గారు మాత్రం చాలామంది పట్టించుకోని యానాదుల పని ఎత్తుకున్నారు.

నెల్లూరు జిల్లా యానాదుల సీమ. శ్రీహరికోట అంటే ఇప్పుడు మనకు రాకెట్లే గుర్తొస్తాయి గానీ, ఆ దీవి అడవి తరతరాలుగా యానాదుల ఇల్లు. తేనె, కట్టెలు, వేర్లు, మందు మొక్కలు వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. మైదానంలోకి వచ్చినవాళ్లు చేపలు పట్టారు, పొలాల్లో ఎలుకలు పట్టారు, రైతుల ఇళ్లలో, పొలాల్లో కావలి కాశారు. మన కృష్ణా డెల్టాలో కాలవ గట్ల మీద ఉంటున్న యానాది కుటుంబాలను మీరూ చూసే ఉంటారు. వరి కోతల ముందు ఎలుక బుట్టలు పెట్టడానికి రైతు ముందుగా కబురుచేసేది వాళ్లకే. ఊరి పంట కాపాడింది ఆ చేతులే. ఊళ్లో ఏదైనా పోతే ముందు అనుమానించిందీ ఆ చేతులనే.

ఆ అనుమానాన్ని తెల్లదొరలు చట్టంగా మార్చారు. దాని పేరు నేరస్థ తెగల చట్టం. మొదట 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. 1924లో మళ్లీ సవరించి గట్టి చేశారు. ఈ చట్టం ప్రకారం ఒక మనిషి దొంగతనం చేశాడని కోర్టులో రుజువు కానక్కర్లేదు. అతను పుట్టిన తెగ పేరు ప్రభుత్వ జాబితాలో ఉంటే చాలు. పేరు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునేవారు. చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. కొన్నిచోట్ల మగవాళ్లు రాత్రంతా పోలీసు స్టేషను దగ్గరే పడుకోవలసి వచ్చేది. ఎరుకల వాళ్ల మీద ఈ చట్టం పడింది. యానాదుల్లో కొందరి మీదా పడింది. మా హాస్టల్‌కు వచ్చిన ముసలమ్మ భయం అక్కడిది.

ఈ చట్టం కిందే సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం మీ అందరికీ తెలుసు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన విజయవాడ నుంచి బ్యారేజీ దాటితే వచ్చే సీతానగరంలోనూ ఒకప్పుడు అలాంటి సెటిల్‌మెంటు ఉండేది. సెలవు రోజున గుడికీ, ఘాట్‌కీ వెళ్లి ఫొటోలు దిగే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

హాస్టల్ మనుషులుగా మమ్మల్ని ఎక్కువ కలచివేసింది ఇంకొకటి. ఆ చట్టంలో పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. తల్లిదండ్రుల దగ్గర పెరిగితే పిల్లలూ నేరస్థులవుతారని అప్పటివాళ్ల లెక్క. అంటే మన తెగల పిల్లలకు ఈ సీమలో దొరికిన తొలి వసతి బడుల్లో కొన్ని ఇంటిని మరిపించడానికి పెట్టినవే. అక్కడా చదువు చెప్పారు, అన్నం పెట్టారు, చేతిపని నేర్పారు. వాటితో బాగుపడినవాళ్లూ ఉన్నారు, ఆ మాట దాచకూడదు. అయితే అమ్మానాన్నా చెడ్డవాళ్లు, నిన్ను వాళ్ల నుంచి కాపాడుతున్నాం అనే పునాది మీద ఆ కప్పు నిలబడింది.

రాఘవయ్య గారు ఈ చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడారు. యానాదుల కోసం సంఘం కట్టి, వాళ్ల బాధలను అర్జీలుగా, సభల్లో తీర్మానాలుగా ప్రభుత్వం ముందుకు తెచ్చారు. వకీలు కావడం ఇక్కడ పనికొచ్చింది. జాలి కబుర్లతో చట్టం పోదు. ఏ సెక్షను ఎవరి మెడకు ఎలా చుట్టుకుంటోందో చూపించాలి. ఆయన శాసనసభకు ఎన్నికయ్యారు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఏర్పడినప్పుడు పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. బయట నుంచి అడిగిన పనినే లోపల నుంచీ అడిగే వీలు దొరికింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం రద్దయింది. అది ఒక్కరి విజయం కాదు. ఎందరో అడిగారు, ఎందరో జైలుపాలయ్యారు, ఎందరో మన పెద్దలు పేరు లేకుండానే పోయారు. అడిగినవారిలో రాఘవయ్య గారిది ముందు వరస.

దేశమంతటికీ ఆ రద్దు రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. మన తెలుగువారైన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. చివరికి 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. ఆగస్టు 15 తర్వాత ఐదేళ్లకు గానీ మనవాళ్లలో చాలామందికి స్వాతంత్ర్యం రాలేదని చెప్పుకోవచ్చు. ఆ తర్వాత కూడా అలవాటు నేరస్థుల చట్టం పేరుతో కొంత నిఘా మిగిలే ఉంది.

చట్టం పోగానే రాఘవయ్య గారు పని అయిపోయిందని చేతులు దులుపుకోలేదు. మాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. 1948లో ఠక్కర్ బాపా పూనికతో, బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడిగా ఢిల్లీలో భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్ ఏర్పడింది. ఠక్కర్ బాపా ఇంజనీరు ఉద్యోగం వదిలి, 1922లో గుజరాత్‌లోని భిల్లుల మధ్యకు వెళ్లి, పిల్లలకు ఆశ్రమ పాఠశాలలు పెట్టిన మనిషి. ఆ దారిలోనే మన దగ్గర ఆంధ్ర రాష్ట్ర ఆదిమజాతి సేవక్ సంఘం నెల్లూరు కేంద్రంగా నడిచింది. దానికి ప్రాణం రాఘవయ్య గారే. యానాదులు, ఎరుకలు, చెంచులు, సుగాలీలు, ఇలా అన్ని తెగల బాగోగులూ ఆ సంఘం పనిలోకి వచ్చాయి. అందులో పెద్ద పని పిల్లలకు హాస్టళ్లు.

ఆ రోజుల్లో హాస్టల్ ఎందుకంత ముఖ్యం? మీలో చాలామంది ఇప్పుడు ఇంటి దగ్గర నుంచే కాలేజీకి వెళ్తున్నారు కనుక చెప్పాలి. యానాది కుటుంబం పని ఎక్కడుంటే అక్కడికి కదులుతుంది. కోతలప్పుడు ఒక ఊరు, చెరువు ఎండినప్పుడు ఇంకో ఊరు. బడి మాత్రం కదలదు. పిల్ల బళ్లో చేరిన మూడో నెలకే ఇల్లు వేరే గట్టుకు వెళ్లిపోతే ఆ చదువు ఏమవుతుంది? దానికి తోడు ఇంట్లో ఒక్క పూట తిండి తగ్గితే ముందు ఆగేది చదువే. బడి పక్కనే ఒక కప్పు, రెండు పూటలా అన్నం, చదువు అడిగే ఒక పెద్దదిక్కు ఉంటే ఆ పిల్ల నిలబడుతుంది. ఇల్లు కదిలినా చదువు కదలకుండా ఉండాలంటే హాస్టల్ తప్ప వేరే దారి లేదు.

బయటికి చూస్తే సెటిల్‌మెంట్ బడికీ, సేవక్ సంఘం హాస్టల్‌కీ పెద్ద తేడా కనపడదు. రెండు చోట్లా పిల్లలు ఇంటికి దూరంగా ఉంటారు. రెండు చోట్లా గంట కొడతారు, వరసలో నిలబెడతారు, హాజరు పిలుస్తారు. తేడా ఆ పట్టీ ఎందుకు రాస్తున్నారన్న దాంట్లో ఉంది. ఒకచోట ఎవరు పారిపోయారో చూడటానికి రాశారు. ఇంకోచోట ఎవరు అన్నానికి రాలేదో చూడటానికి రాయాలి. రాఘవయ్య గారి జీవితంలో మొదటి సగం ఆ మొదటి పట్టీని చింపడానికీ, రెండో సగం ఈ రెండో పట్టీని తెరవడానికీ సరిపోయాయని మాకు అనిపిస్తుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత మాకు లేదు.

మేము ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, డెల్టాలోనే వేరే ఊళ్లో, ఒక అమ్మాయి పెట్టెలో దాచుకున్న రెండు వందల రూపాయలు కనిపించలేదు. హాస్టలంతా గొడవ. మేము కామాటిని తోడు తీసుకుని గదిలోకి వెళ్లి, మొట్టమొదట తెరిచింది ఒక యానాది పిల్ల ట్రంకు పెట్టె. ఎందుకు దాన్నే ముందు తెరిచామని ఆ రోజు ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడుక్కోలేదు. పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక రిబ్బను, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు చేపల పొట్లం ఉన్నాయి. మర్నాడు ఆ డబ్బు పోగొట్టుకున్న అమ్మాయి నోటు పుస్తకం అట్టలోనే దొరికింది. అందరూ నవ్వేశారు. మేము ఆ పిల్లను పిలిచి ఏమీ అనుకోకమ్మా అని చెప్పి ఊరుకున్నాం. తను తల ఊపింది. ఏడవలేదు. ఆ ఆదివారం ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు.

మూడు సార్లు కాలవ గట్టు మీది వాళ్ల గుడిసెకు వెళ్లాం. వాళ్లమ్మ ప్రతిసారీ మర్యాదగా నులక మంచం వాల్చి కూర్చోబెట్టింది. పిల్ల పనికి వెళ్లిందని చెప్పింది. ఆమె మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏడో తరగతిలో లెక్కలు గబగబా చేసే పిల్ల, రొయ్యల చెరువుల పనికి వెళ్లిపోయింది.

1952లో చట్టం రద్దయిందని పుస్తకాల్లో ఉంది. అది ఆ రోజు మా చేతిలో బతికే ఉంది. మేమూ గిరిజనులమే, అయినా బతికే ఉంది. ఊరి అనుమానాన్ని మనం కూడా నేర్చుకుంటాం, అదే భయం. రాఘవయ్య గారి గురించి చదివినప్పుడు ఆయన గొప్పతనం కంటే ముందు మాకు ఆ ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అప్పటి నుంచి మా హాస్టల్లో ఏది పోయినా ఏ పిల్ల పెట్టే మేము తెరవం. ముందు పోగొట్టుకున్న పిల్ల పక్కన కూర్చుని తన వస్తువులన్నీ నిదానంగా వెతికిస్తాం. దొరకకపోతే మేమే సర్దుతాం. ఒక పిల్ల చదువు కంటే రెండు వందలు ఎక్కువ కాదు.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. సంక్రాంతి సెలవుల తర్వాత రాని పిల్లల పేర్లకు పట్టీలో గైర్హాజరు గుర్తు పెట్టి వదిలేయం. వారంలోపు ఆ ఇంటికి మనిషి వెళ్లాలి. ఆటోనగర్ చుట్టుపక్కల పాత ఇనుము ఏరుకునే కుటుంబాల పిల్లలు, కోతలకు వెళ్లిన కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఇప్పుడే జారిపోతారు. చిన్న చెల్లిని ఎత్తుకోవడానికి ఒకరు, అమ్మకు జ్వరమని ఒకరు ఆగిపోతారు. ఇంకొందరికి కులధ్రువీకరణ పత్రం దొరక్క వచ్చే ఏడు సీటు ఉండదేమోనన్న బెంగ. ఇంటికి వెళ్తే గానీ ఇవి తెలియవు. హాస్టల్ పని అంటే మెనూ ప్రకారం గుడ్డు పెట్టడం, లెక్కలు రాయడం అనుకుంటారు. అదంతా ఉంది. దానితో పాటు ఇల్లు తెలుసుకోవడం కూడా ఉంది.

రాఘవయ్య గారు చేసిన మూడో పని పుస్తకాలు. 1962లో యానాదుల మీద, 1968లో సంచార జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు వెలువడ్డాయి. పుట్టుకతోనే నేరస్థులని ప్రభుత్వం రాసిపెట్టుకున్న తెగలకు తమవైన ఆచారాలు, విద్యలు, వీరుల చరిత్ర ఉన్నాయని ఆ ప్రభుత్వానికి తెలిసిన భాషలోనే చూపించారు. పోలీసుల నమోదు పుస్తకాలకు అది ఆయన ఇచ్చిన జవాబు అనుకుంటాం. 1973లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1981లో ఆయన కన్నుమూశారు. తర్వాతి కాలంలో నెల్లూరులో యానాదుల కోసమే ప్రత్యేకంగా ఐటీడీఏ నడిచిందంటే, ఏజెన్సీ కొండలకు దూరంగా మైదానంలో ఉన్న గిరిజనుల గోడు కూడా గోడేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. ఆ ఒప్పుకోలు వెనక ఆయన తరం చేసిన చాకిరీ ఉంది.

ఆయన్ను దేవుణ్ణి చేయమని మేము చెప్పడం లేదు. ఆ కాలపు సేవకులందరిలాగే ఆయన మన కోసం మాట్లాడారు. మన ఇంటి కథ మనమే చెప్పుకునే రోజు అప్పటికి రాలేదు. సంస్కరించడం, నాగరికులను చేయడం వంటి ఆనాటి మాటలు ఈనాడు మీకు గుచ్చుకుంటాయి. గుచ్చుకోవాలి కూడా. గుచ్చుకున్నాయంటే మీరు చదువుకున్నారని అర్థం. ఆ చదువు దాకా తెచ్చిన మెట్లలో ఆయన వేసిన మెట్టూ ఉంది.

అందుకే మీకు మా విన్నపం. మీలో డిగ్రీలు, బి.ఎడ్.లు చేసినవాళ్లు వార్డెన్ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. సెలవు తక్కువ, నిద్ర తక్కువ, తనిఖీలు ఎక్కువ, నిజమే. అయినా అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్లకు తన భాషలో ధైర్యం చెప్పే మనిషి దొరకడం ఎంత ముఖ్యమో, ఒకప్పుడు ఆ మంచం మీద పడుకున్న మీకే తెలుస్తుంది. ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదు. నెలకు ఒక ఆదివారం మీ దగ్గరి హాస్టల్‌కు వెళ్లి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. మీ ఇంట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల చిన్ననాటి హాజరు గురించి అడిగి రాసిపెట్టండి. రాఘవయ్య గారు ఇంగ్లీషులో రాశారు, మీరు తెలుగులో రాయండి. వచ్చే ఏడు ఈ సావనీరులో అవే రావాలి.

ఆ రాత్రి మా దగ్గర పడుకున్న ముసలమ్మ పొద్దున్నే బస్సుకు బయలుదేరింది. వెళ్లే ముందు ఆ పుస్తకం ఒకసారి చూపించమని అడిగింది. చదువు రాదు కనుక మనవరాలే తన పేరు వెతికి వేలుపెట్టి చూపించింది. ఆ పక్కనున్న గళ్లు ఏమిటని అడిగితే, ఏ రోజు ఉన్నానో, ఏ రోజు ఇంటికి వెళ్లానో రాస్తారని పిల్ల చెప్పింది. ఇంటికి వెళ్లడానికి చీటీ అక్కర్లేదా అని ఆమె మళ్లీ అడిగింది. అమ్మ వచ్చి సంతకం పెడితే చాలని చెప్పాం. ఆమె పట్టీ మూసి మా చేతికిచ్చి, మనవరాలి తల నిమిరి వెళ్లిపోయింది.

ఇప్పుడు రోజూ రాత్రి పేర్లు పిలిచేటప్పుడు మేము తల వంచుకుని పిలవడం మానేశాం. ప్రతి పేరుకూ తల ఎత్తి ఆ పిల్ల ముఖం చూస్తాం. వెన్నెలకంటి రాఘవయ్య గారికి మా హాస్టల్ తరఫున, మన సంఘం తరఫున జోహార్లు.